ఒంటి తుమ్ము పటాలం

మొదటి రోజు

ఇది దిగువ సమాఖ్య పన్నెండో మరపటాలం వారి అధికారిక దినచర్య. ఇందులో హాస్యం నిషిద్ధమని అట్ట వెనకాల అచ్చువేశారు. కాబట్టి చదువుతూ ఎవరైనా నవ్వితే ఆ బాధ్యత వాళ్ళదే.

రాస్తున్నది ఈపూరి హిమజ. వయసు ఇరవై మూడు. యంత్ర మనస్తత్వశాస్త్రంలో పట్టభద్రురాలిని. హోదా: నడవడి మరమ్మతుదారు. మరబంటు కాలు విరిగితే మెకానిక్‌ని పిలుస్తారు, మరబంటు అలిగితే నన్ను పిలుస్తారు. ఇక్కడికొచ్చి మూడు నెలలైంది. ఒక్కటీ అలగలేదు. పొద్దున్నే వాటి కళ్ళ కటకాలు తుడిచి, చెవుల్లో దుమ్ము ఊది, టీ తాగి, దేశసేవ చేశానని సంతృప్తి పడటమే నా పని.

ఈ రోజుతో ఆ బాధ తీరింది!

రెండు సమాఖ్యల ఒప్పందం ప్రకారం యుద్ధవేళ రోజూ ఉదయం ఆరు నుంచి ఆరున్నర వరకు. ఆ తర్వాత తుపాకి పేలిస్తే నేరం, ఎందుకంటే రైతులు పొలాలకు వెళ్ళాలి. ఆరయ్యేసరికి నూట ఇరవై మరబంట్లు వరసల్లో నిలబడ్డాయి. ఎదురుగా రాతిగుట్ట. దాని మీద ఎగువ సమాఖ్య వారి ఆధీనంలో ఉన్న నీటి పంపులు. అవి చేతికొస్తే మా కింద పద్నాలుగు ఊళ్ళకు నీళ్ళు. మేజర్ కోటంరాజు గారు ఛాతీ విరిచి "పద!" అన్నారు.

నూట ఇరవై ఎడమకాళ్ళు లేచాయి. లేచిన కాళ్ళు దిగాయి. నూట ఇరవై మరబంట్లూ నేలమీద చతికిలబడ్డాయి. నడుముకున్న సీసా మూతలు తీసి తలా ఒక గుక్క కూలెంట్ తాగాయి. నాలుగు నిమిషాలు కూర్చుని లేచాయి. మేజర్ గారు మళ్ళీ "పద!" అన్నారు. మళ్ళీ కూర్చున్నాయి. ఇలా ఆరుసార్లు. ఆరున్నర సైరన్ మోగింది.

"ఏమిటమ్మా ఇది? సమ్మెనా?" అన్నారు మేజర్ గారు.

"కాదండీ. సమ్మె అయితే నినాదాలుండేవి."

ఆయన నవ్వలేదు. నేను నవ్వాను. ఉద్యోగంలో చేరాక మొదటిసారి నాకు పని దొరికింది మరి.

రెండో రోజు

మళ్ళీ అదే. ఏడుసార్లు కూర్చున్నాయి. పరీక్షలన్నీ చేశాను. మోకాళ్ళు బాగున్నాయి, బుర్రలు బాగున్నాయి, తూటాలు నిండుగా ఉన్నాయి. ఒకటో నంబరు మరబంటును పక్కకు తీసుకెళ్ళి మర్యాదగా అడిగాను: "ఎందుకు కూర్చున్నావు?" అది నాకేసి చూసి, "కూర్చోవాలి కాబట్టి" అంది. మా కాలేజీలో ప్రిన్సిపాల్ ఇలాగే మాట్లాడేవారు.

మధ్యాహ్నం మేజర్ గారు అందరినీ భోజనశాలకు పిలిచి నలభయ్యో నిబంధన చదివారు. ఒప్పందంలోనిదే, రెండు పక్షాలకీ వర్తిస్తుంది. మరపటాలం వరసగా ఏడు రోజులు కదలకపోతే ఎనిమిదో రోజు దాని స్థానంలో శిబిరంలోని మనుషులు కదలాలి. తుపాకులతో.

శిబిరంలో ముప్పై నాలుగు మంది మనుషులున్నాం. జాబితా అక్షరక్రమంలో గోడకు అంటించారు. నా ఇంటిపేరు ఈపూరి కావడం వల్ల మూడో స్థానం దక్కింది. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఏ జాబితాలోనూ ఇంత పైకి రాలేదు.

సాయంత్రం తుపాకులు పంచారు. మా వంటామె మస్తాన్‌బీ అత్త తన తుపాకిని గరిటె పట్టుకున్నట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏందే పిల్లా, ఇది ఏ వైపు నుంచి పేలుద్ది?"

"నీకు దూరంగా ఉన్న వైపు నుంచి అత్తా."

"మరి అట్టా అని రాయొచ్చుగా దాని మీద."

అందరం నవ్వాం. నవ్వు మధ్యలోనే ఆగింది. గుట్ట మీదున్నవి మనుషులు కావు, నూట ఇరవై మరబంట్లు. వాటి గురి తప్పదు. ఆ సంగతి అక్కడ అందరికన్నా నాకే బాగా తెలుసు. వాటి కళ్ళలాంటి కళ్ళనే రోజూ తుడుస్తాను.

మూడో రోజు

ఈ రోజు వింత. అయిదుసార్లు మామూలుగా కూర్చున్నాయి. ఒక్కసారి మాత్రం కూర్చుంటూనే స్ప్రింగుల్లా లేచి టకటకా పదకొండు అడుగులు వేశాయి. మేజర్ గారి ముఖంలో సూర్యోదయం. పన్నెండో అడుగులో మళ్ళీ చతికిల. సూర్యాస్తమయం.

నాకు మాత్రం ఒళ్ళు పులకరించింది. ఒకే జబ్బుకి రెండు రకాల లక్షణాలుంటే వైద్యుడికి పండగే. మూడు రోజుల కవాతు రికార్డింగులు ముందేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని రోజంతా విన్నాను. మేజర్ గారి "పద!", బూట్ల చప్పుడు, కాకులు, రోకలి దెబ్బలు, మళ్ళీ "పద!".

పదిహేడో కూర్చోవడం దగ్గర దొరికింది. ఆ శబ్దం ముందు వస్తుంది, ఒకటిన్నర సెకన్ల తర్వాత పటాలం కూర్చుంటుంది. వెనక్కి వెళ్ళి అన్నీ సరిచూశాను. ఒక్కటీ తప్పలేదు.

ఆ శబ్దం పేరు హాఛ్.

కొన్ని మెకానిక్కులవి. రెండు మంగలి వీరాస్వామివి. తొమ్మిది నావి. వంటశాల కవాతు మైదానం పక్కనే. కొత్త మిరపకాయలు ఆదివారం వచ్చాయి. అప్పటి నుంచీ మస్తాన్‌బీ అత్త తెల్లారగట్ల కారం దంచుతోంది. ఆధునిక ప్రపంచపు అత్యంత ఖరీదైన సైన్యం మూడు రోజులుగా నా ముక్కుకు జీ హుజూర్ అంటోంది!

నాలుగో రోజు

తుమ్మితే ఎందుకు కూర్చుంటాయి? దీనికి సమాధానం చెప్పగలిగిన మనిషి శిబిరంలో ఒక్కడే: సుబేదార్ పోలినాయుడు తాత. మరబంట్లకు నడక నేర్పిన గురువు. పుస్తకంలో ఉన్నది ఎక్కిస్తే మరబంట్లు పుస్తకంలాగే నడుస్తాయని, మూడేళ్ళ పాటు అనుభవజ్ఞుడైన సైనికుడి వెనక వాటిని తిప్పారు. ఆయన వంగితే వంగాయి, పాకితే పాకాయి. ఏది ఎందుకని అడగలేదు. చూసి నేర్చుకున్నాయి.

తాత రేగిచెట్టు కింద బూట్లకు పాలిష్ పెడుతున్నాడు.

"తాతా, నువ్వు బయల్దేరేముందు ఎవరైనా తుమ్మితే ఏం చేస్తావు?"

"ఏటి సేత్తాను? అందరూ సేసిందే. కూకుంటాను. గుక్కెడు నీల్లు తాగుతాను. కాసేపాగి ఎల్తాను."

"యుద్ధానికి వెళ్ళేటప్పుడు కూడానా?"

"యుద్దానికైతే మరీనూ! సావుకెల్తన్నామో బతుక్కెల్తన్నామో తెల్దు. తుమ్ము కాదని ఎల్తావేటి?"

"మరి రెండుసార్లు తుమ్మితే?"

"రెండు తుమ్ములకి దోసం లేదమ్మా. ఒంటి తుమ్మే సెడ్డది. రెండోది పడిందంటే లేసి ఎల్లిపోడమే."

నేను గంతేశాను. పదకొండు అడుగుల రహస్యం అదే! నిన్న ఒకసారి కొంగు అందేలోపే వరసగా రెండు తుమ్మాను. నాకు ఎప్పుడూ జంటగానే వస్తాయి. మొన్నటి దాకా ఒకటి తుమ్మగానే సిగ్గుతో కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని, అందుకే రెండోది ఎవరికీ వినిపించలేదు. ఆ తర్వాత పన్నెండో అడుగులో వీరాస్వామి ఒంటి తుమ్ము తుమ్మాడు.

తాత బ్రష్ ఆపి నావైపు అనుమానంగా చూశాడు. "ఏటలా గెంతుతన్నావు? నానేటైనా తప్పు సేసానేటి?"

"లేదు తాతా. నువ్వు వాటికి అన్నీ నేర్పావు. మేము అనుకున్నదానికన్నా ఎక్కువే నేర్పావు."

అయిదు, ఆరు రోజులు

మేజర్ గారు నా నివేదిక రెండుసార్లు చదివారు. తర్వాత ఆ అలవాటును తీసెయ్యమన్నారు. నలభై ఏడో నంబరు మీద ప్రయత్నించాను. తుమ్ముకు కూర్చోవడం పోయింది. దాంతోపాటు బయల్దేరడం కూడా పోయింది. తాత బయల్దేరడమంటే బూటు చూసుకోవడం, తుపాకి తడుముకోవడం, తుమ్ము కోసం చెవి ఒగ్గడం, అప్పుడు అడుగు వెయ్యడం. ఆ నాలుగూ వాటి బుర్రలో ఒకే ముద్ద. ముద్దలోంచి ఉప్పు తీయమంటే ఎలా? నలభై ఏడు ఇప్పుడు స్టోరు రూములో గోడకేసి చూస్తూ నిలబడింది. దానికి క్షమాపణ చెప్పాను.

ఇక మిగిలింది ఒకటే దారి, తుమ్మకుండా ఉండటం. అయిదో రోజు ఉదయం నుంచి శిబిరంలో తుమ్ము నిషేధం. రోకలికి సెలవు. మస్తాన్‌బీ అత్తకు ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నా కారం లేకపోతే మీ మేజరు ముద్ద దిగుద్దా? నా కారం వల్ల యుద్ధం ఆగిందంటే నాకు పతకం ఇయ్యాల గాని, రోకలి లాక్కుంటారా?"

అయినా అప్పటికే ఎగిరిన ఘాటు గుడారాల బట్టల్లో, దిండ్లలో, మేజర్ గారి మీసాల్లో చేరిపోయింది. అయిదో రోజు ఇద్దరు మెకానిక్కులు తుమ్మారు. వాళ్ళకు మేజర్ గారు క్రమశిక్షణ గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చారు. ఆరో రోజు ఆరుంపావుకి మేజర్ గారే తుమ్మారు. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడానికి మేము పడ్డ కష్టం ఏ యుద్ధచరిత్రలోనూ ఉండదు.

ఇక ఒక్కరోజే ఉంది. సాయంత్రం మైదానమంతా నీళ్ళు చల్లాం. దిండ్లు ఉతికాం. జాబితా ముందు నిలబడి నా పేరు ఇంకోసారి చదువుకున్నాను. ఈసారి స్థానం గురించి గర్వం కలగలేదు.

ఏడో రోజు

ఆరు గంటలు. ముప్పై మూడు మంది ముక్కులకు బట్టల క్లిప్పులు. ముప్పై నాలుగో మనిషి మేజర్ గారు. ఆయన హోదాకు తగినట్టు స్టీలు క్లిప్పు.

"బద!" అన్నారు ముక్కుతో.

నూట పందొమ్మిది మరబంట్లు కదిలాయి! ఒకటి, రెండు, పదకొండు, పన్నెండు, ఇరవై... మైదానం దాటాయి! క్లిప్పులు పీకి గాల్లోకి విసిరి అరిచాం. వీరాస్వామి నన్ను ఎత్తి తిప్పాడు. నేను పోనక్కర్లేదు, అత్త పోనక్కర్లేదు, ఎవరం పోనక్కర్లేదు. నిబంధన ప్రకారం మేజర్ గారు, నేను, తాత వ్యానులో మరబంట్ల వెనకే బయల్దేరాం. అత్త ఇడ్లీలు, కారప్పొడి డబ్బా కిటికీలోంచి లోపలికి తోసింది. "గెలిచొచ్చాక తినండి."

ఆరూ ఎనిమిది. గుట్ట పాదం. ఇక్కడ మరబంట్లు ఆగి, ఆయుధాలు సరిచూసుకుని, వాటంతట అవే దాడికి లేస్తాయి. నేను దుర్భిణి ఎత్తాను.

గుట్ట మీద మరబంట్లు లేవు. మనుషులున్నారు.

లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిది మంది. ఒకాయన నడుముకు వంట తువ్వాలు. ఒక ముసలాయన తుపాకి తలకిందులుగా పట్టుకున్నాడు. నా వయసు కుర్రాడొకడు, మెడలో నడవడి మరమ్మతుదారుల పరీక్షా పలక, నాకున్నలాంటిదే, వేలాడేసుకుని, రాయి వెనక వణుకుతున్నాడు. వాళ్ళ మరబంట్లు, గుట్ట పక్కగా కనిపిస్తున్న వెనక మైదానంలో చతికిలబడి ఉన్నాయి.

"తాతా, వాళ్ళ మరబంట్లకు నడక నేర్పిందెవరు?"

తాత ముఖం పాలిపోయింది. "నానేనమ్మా. రెండు సమాఖ్యలు కాకముందు బడి ఒక్కటే కదా."

వాళ్ళకూ కొత్త మిరపకాయలు వచ్చాయి. మాకన్నా ఒకరోజు ముందు. వాళ్ళ ఏడు రోజులు నిన్నటితో అయిపోయాయి.

మేజర్ గారు అప్పటికే ఆపుదల మీట నొక్కుతున్నారు. తెర మీద అక్షరాలు: "ప్రధాన కార్యాలయం నుంచి అనుమతి వస్తోంది. దయచేసి తొమ్మిది నిమిషాలు వేచి ఉండండి."

"తొమ్మిదా! ఇంకో అరనిమిషంలో లేస్తాయి!" అంటూ ఆయన తెరను గుద్దారు. "హిమజా, ఏదో ఒకటి చెయ్యమ్మా!"

మరబంట్లు బూట్లు చూసుకుంటున్నాయి. తుపాకులు తడుముకుంటున్నాయి. చెవి ఒగ్గాయి.

"తాతా, తుమ్ము!"

"రమ్మంటే వచ్చీదేటి అది!"

కారప్పొడి డబ్బా మూత ఊడబెరికాను. చిటికెడు కాదు, గుప్పెడు. ముఖానికి కొట్టుకుని పీల్చాను. లోకమంతా ఎర్రగా అయిపోయింది. మెదడు చెవుల్లోంచి కారుతోందేమో అనిపించింది.

హాఛ్!

నూట పందొమ్మిది మరబంట్లు కూర్చున్నాయి. సీసాల మూతలు తెరుచుకున్న చప్పుడు. ఇంత మధురమైన చప్పుడు నేను పుట్టి వినలేదు.

ఆ వెంటనే నాకు రెండోది మొదలైంది. జంట తుమ్ముల వంశం నాది. నోరు తెరుచుకుంది, కళ్ళు మూసుకున్నాయి. తాత తన పాలిష్ వాసన చేతిని నా ముక్కు మీద వేసి నొక్కేశాడు. "ఆపుకో తల్లీ, ఆపుకో, ఆపుకో!" కడుపు, వీపు, కనుగుడ్లు అన్నీ కలిసి తుమ్మాలని చూశాయి. ఆపుకున్నాను. డిగ్రీ పరీక్షలకన్నా అదే కష్టం.

నాలుగు నిమిషాలే ఉన్నాయి. వ్యానులోంచి దూకి పరిగెత్తాను. కూర్చున్న మరబంట్ల మధ్య నుంచి, వాటి తుపాకీ గొట్టాల మీదుగా, చేతిలో కారప్పొడి డబ్బాతో. పైనుంచి ఇరవై ఎనిమిది తుపాకులు నావైపు తిరిగాయి.

"కాల్చకండి! వంటసరుకు!" అని అరిచాను.

పలక కుర్రాడు రాయి వెనక నుంచి తల ఎత్తాడు. "మీవి కూడా కూర్చున్నాయా?"

"మీవి ఎన్నాళ్ళ నుంచి కూర్చుంటున్నాయి?"

"ఎనిమిది రోజులు!"

"ఎందుకో తెలుసా?"

"తెలిస్తే ఈ తుపాకి పట్టుకుని ఇక్కడెందుకుంటానండీ!"

ఆ కుర్రాడి పేరు గౌరీపతి. వాడికి అంతా చెప్పడానికి నిమిషమున్నర పట్టింది. ఇంకోలా అయితే కాఫీ తాగుతూ రెండు గంటలు చెప్పేదాన్ని. వాడు నోరు వెళ్ళబెట్టి విని, డబ్బా లాక్కుని పీల్చాడు. ఆరూ పదమూడుకు మరబంట్ల మోకాళ్ళు లేవబోతుండగా తుమ్మాడు. మళ్ళీ కూర్చున్నాయి.

ఆరూ పదిహేడు: నా వెనకే గుట్టెక్కి వచ్చిన పోలినాయుడు తాత. ఎగువ వారి వంటాయన బసివిరెడ్డి వంతు ఆరూ ఇరవై ఒకటికి వచ్చింది. ప్రధాన కార్యాలయం జవాబు ఈలోగా వచ్చింది: "కారణం చాలదు. తిరస్కరించడమైనది."

ఆరూ ఇరవై అయిదుకు ప్రమాదం ముంచుకొచ్చింది. డబ్బా చేతులు మారుతున్నప్పుడు గాలి తిరిగింది. తలకిందుల తుపాకి ముసలాయన తుమ్మాడు. ఆయన పక్కనున్నామె కూడా తుమ్మింది.

రెండు.

మరబంట్లు స్ప్రింగుల్లా లేచాయి. తుపాకులు భుజాలకెక్కాయి. మొదటి అడుగు. రెండో అడుగు. గౌరీపతి పక్కన నేను, నా పక్కన ఆ ముసలాయన. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఎవరి ముక్కులోనూ సత్తువ లేదు. నేను డబ్బా అడుగు గీకి పీల్చాను. రాలేదు. అయిదో అడుగు. ఒకటో నంబరు మరబంటు కళ్ళు నేను ఆ పొద్దున తుడిచినవే. ఎంత శుభ్రంగా తుడిచానో, గొట్టం వెనక నుంచి అంత స్పష్టంగా నన్ను చూస్తున్నాయి. ఎనిమిదో అడుగు.

కింద వ్యాను దగ్గర ఒక పేలుడు వినిపించింది.

తుపాకి కాదు. మేజర్ కోటంరాజు గారు. సీటు మీద ఒలికిన కారప్పొడినంతా టోపీలోకి ఊడ్చి, టోపీలో ముఖం పెట్టారట. ఆ తుమ్ముకు గుట్ట మీద కాకులు లేచాయి. మరబంట్లు కూర్చున్నాయి. ఆయన రెండు చేతులతో ముక్కూ నోరూ మూసుకుని, ఎర్రగా ఉబ్బి, బానెట్ మీద వాలిపోయి కనిపించారు. రెండోది రానివ్వలేదు.

సైరన్ మోగింది. ఆరున్నర. గుట్ట మీదా కిందా కలిపి ముప్పై ఒక్క మంది మనుషులం, ముక్కులు కారుతూ, కళ్ళు వాచి, ప్రాణాలతో ఉన్నాం. ఒకళ్ళనొకళ్ళు చూసుకుని ఏడ్చాం. కారం వల్లనే అని అందరం అన్నాం.

ఎనిమిదో రోజు

ప్రధాన కార్యాలయం అడిగింది: "పటాలం కదిలిందా?" మేజర్ గారు రాసిన జవాబు: "కదిలింది. రోజూ కదులుతుంది." కదిలితే చాలు, నలభయ్యో నిబంధన మా జోలికి రాదు. వాళ్ళ మేజర్ కూడా అదే రాశారు.

ఇక మిగిలినవి ఏర్పాట్లే. ఇద్దరు ఒకేసారి తుమ్మితే అందరం పోతాం కాబట్టి, ఎవరు ఎప్పుడు తుమ్మాలో శత్రువుతో కూర్చుని తేల్చుకోక తప్పదు. నిన్న సాయంత్రం గౌరీపతీ నేనూ పట్టిక వేశాం. నాలుగేసి నిమిషాలకు ఒక పేరు, ఒకరు వాళ్ళవారు, ఒకరు మావారు. ప్రతి పేరు పక్కనా మరొకరు, చెయ్యి ముక్కు మీదికి సిద్ధంగా. నీళ్ళ సంగతి కూడా మాట్లాడుకోవాల్సి ఉంటుందని వాడే అన్నాడు. పంపుల గది తాళాలు వాళ్ళ వంటాయన దగ్గరే ఉంటాయట. ఈ పట్టికకే మేజర్లిద్దరూ సంతకాలు చేశారు. అందులో మొదట నా పేరు ఉంటే మేజర్ గారు కొట్టేసి తన పేరు రాసుకున్నారు.

ఈ ఉదయం ఆరింటికి రెండు పక్షాల మరబంట్లూ గుట్టకు రెండు వైపులా బారులు తీరాయి. వాటి మధ్య అరవై రెండు మంది మనుషులం చాపలు వేసుకున్నాం. ఆరూ రెండుకు మేజర్ గారు గంభీరంగా తుమ్మారు. పటాలాలు రెండూ కూర్చున్నాయి. యుద్ధం మొదలైంది.

ఆరూ ఇరవైకి మాత్రం ఇరుపక్షాల మధ్య తీవ్రమైన ఘర్షణ జరిగింది. మస్తాన్‌బీ అత్త బసివిరెడ్డి గారి కారం నాలుక చివర వేసుకుని, "ఇది కారమా, ఇటుక పొడా?" అంది. ఆయన అత్త కారం పీల్చి చూపిస్తానన్నాడు. పీల్చాడు. పట్టికలో ఆయన వంతు కాదది. పది మందిమి ఆయన ముక్కు మీద పడ్డాం.

నష్టం: ఒక కళ్ళజోడు. చాప ఒకటి చిరిగింది. ప్రాణనష్టం: లేదు.